చిత్రసాక్ష్యము

2015 ఏప్రిల్ 25వ తేదీన నేపాలదేశమును భూకంపము కుదిపివేసిన పిదప కొలది దినములలోనే, ఒక ఫోటో ఫోన్‌నుండి ఫోన్‌కు ప్రాకుచు లోకమంతయు చుట్టివచ్చెను. అందొక పసిబాలుడు తనకంటె చిన్నదైన చెల్లెలిని రెండు చేతులతో పొదివిపట్టుకొని కూర్చుండెను. భూకంపవేళ చెల్లెలిని కాపాడుచున్న నేపాలీ బాలుడని దాని క్రింద వ్రాసియుండెను. చూచినవారి గుండెలు కరగెను; దానిని చూపి విరాళములు కోరినవారును కలరు. నిజమునకు ఆ చిత్రము 2007లో వియత్నాము దేశపు హా జియాంగ్ రాష్ట్రమున, మారుమూల పల్లెయైన కాన్ టీలో, నా సన్ న్గుయెన్ అను ఛాయాగ్రాహకుడు తీసినది. తల్లిదండ్రులు పొలమున పనిచేసికొనుచుండగా ఇంటిముందు ఆడుకొనుచున్న ఇద్దరు పిల్లలలో, క్రొత్తమనిషిని చూచి చెల్లెలు ఏడ్వగా, అన్న ఆమెను కౌగిలించుకొని ఓదార్చెను. జరిగినది అంతే.

ఇందు అసత్యమేది? మన దర్శనకారులు ముత్యపుచిప్పను చూచి వెండియని భ్రమించినవాని దృష్టాంతమును తరచు విచారించిరి. ‘ఇది వెండి’ యను జ్ఞానములో ‘ఇది’ యను అంశమునకు లోపము లేదు, ఎదుట నొక వస్తువున్నమాట నిజము. తరువాతి జ్ఞానముచే బాధితమగునది ‘వెండి’ యను అంశమే. అట్లే ఆ పిల్లలు నిజము, ఆ కౌగిలింత నిజము, చెల్లెలి కన్నీరును నిజమే. నేపాలము, భూకంపము అనునవి పైనుండి ఆరోపింపబడినవి. కెమెరా ‘ఇది’ యని చూపును. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అనువానిని చెప్పునది దాని క్రింది వాక్యము. చూచువాడో, ప్రత్యక్షమునకు చెల్లవలసిన గౌరవమును ఆ వాక్యమునకు కూడ తెలియకయే సమర్పించును.

ఇట్టి ఆరోపమును తొలగించుటకు ఈ కాలమున రివర్స్ ఇమేజ్ సెర్చ్ అను సాధనము లభించినది. 2008లో టొరంటో నగరమునందు టిన్‌ఐ, 2011లో గూగుల్ దీనిని జనసామాన్యమునకు అందించినవి. మాటనిచ్చి చిత్రమును వెదకుట పూర్వపద్ధతి కాగా, ఇచ్చట చిత్రమునే ప్రశ్నగా నుంచుదుము. యంత్రము దాని వెలుగునీడల కూర్పును అంకెలుగా మార్చి, తాను ముందే సేకరించియుంచిన చిత్రముల అంకెలతో పోల్చిచూచును. అంచులు కత్తిరించినను, పరిమాణము మార్చినను తరచుగా గుర్తుపట్టును. 2015నాటి విపత్తున తీసినదని చెప్పబడిన చిత్రము అంతకుముందే ఎక్కడనో వెలువడియున్నట్లు తేలినచో, ఆ వాక్యము అప్పుడే కూలిపోవును.

అయినను యంత్రము మనకు అందించునది బాధకమే, అనగా పూర్వపు నమ్మకమును త్రోసిపుచ్చు జ్ఞానమే, గాని సత్యము కాదు. ‘ఏమియు దొరకలేదు’ అని అది పలికినంతనే ఆ చిత్రము క్రొత్తదని సిద్ధింపదు. భాట్టమీమాంసకులు అనుపలబ్ధిని, అనగా కనబడకపోవుటను, ప్రమాణముగా నంగీకరించియు, ఉన్నచో తప్పక కనబడదగినది కనబడనప్పుడే దాని అభావము తెలియునని నియమించిరి. యంత్రపు సేకరణకు చిక్కని చిత్రములు ఇంటింటి ఆల్బములలోను, వాట్సాప్ బృందములలోను ఎన్నియో కలవు. దొరికినవానిలో మిక్కిలి పాతదాని తేదియు జన్మతిథి కానేరదు. ఆ నాటికే ఆ చిత్రము పుట్టియుండెనని మాత్రమే అది తెలుపును.

జ్ఞానము స్వతఃప్రమాణమని, బాధకము కలుగువరకు దానిని నమ్ముట సహజమని ఆ మీమాంసకుల గురువగు కుమారిలభట్టు మతము. కావున చూచి నమ్మినవాని నిందింప పనిలేదు. కాని నమ్మినదానిని మరియొకరికి పంపిన క్షణమున శ్రోత వక్తయగుచున్నాడు. వక్తకు ఆప్తత్వము, అనగా ఉన్నదానిని ఉన్నట్లు పలుకు గుణము, ఉండవలెను. బాధకము వ్రేలికొనకు అందుచుండగా వెదకకయే పంపినవానికి ‘నేను నమ్మితిని’ అను సమాధానము చాలదు.

పసివారు ఎచ్చటివారైననేమి, కరుణకు విచారణ యేల యని కొందరు అడుగవచ్చును. కరుణ పుట్టుటకు విచారణ అక్కరలేదు. ఆ చిత్రమును చూచి కరగిన హృదయము అబద్ధమాడలేదు. అయితే కరుణ దానముగా మారునప్పుడు, దేశమును కాలమును పాత్రమును ఎరిగి ఇచ్చినదే సాత్త్వికమని గీత విధించుచున్నది. ఆ క్రింది వాక్యము సరిగా ఆ మూడింటినే చెరచినది: వియత్నామును నేపాలము చేసినది, 2007ను 2015 చేసినది, అమ్మానాన్నలు చేరువ పొలముననే యున్న పిల్లలను ఆపన్నులను చేసినది. అందువలన నష్టపడినవారు ఇరువురు: నిజముగా ఇల్లు కూలిన నేపాల శిశువు, తన ముఖముపై పరుల దుఃఖమును మోయవలసివచ్చిన వియత్నాము శిశువు. కావున పంపుటకు ముందు వెదకుట దానమునకు పూర్వాంగమని నా తలంపు. కంట నీరు తిరిగినప్పుడు ఆ వెదకులాట మరింత అవసరము.