నాలుగో గుణం

పాడేరు ఏజెన్సీలో సంత రోజంటే మా ఓపీ పొద్దు వాలేదాకా నడుస్తుంది. కొండ దిగివచ్చినవాళ్లు పసుపు, మిరియాలు అమ్ముకుని, ఉప్పూ నూనే కొనుక్కుని, ఇంటిదారి పట్టేముందు మా దగ్గర ఆగుతారు. అలా ఆగే ఒక పెద్దమ్మకు మూడు నెలలుగా బీపీ తగ్గడం లేదు. నా దగ్గర ఫ్యామిలీ మెడిసిన్ శిక్షణలో ఉన్న కుర్రాడు పుస్తకంలో ఉన్నట్టే ముందు మోతాదు పెంచాడు, తర్వాత రెండో మందు చేర్చాడు. అయినా దిగలేదు.

"ఈసారి మందు మార్చకు. ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్లిరా" అన్నాను.

మర్నాడు వెళ్లొచ్చాడు. పెద్దమ్మ చూరులో దోపిన సంచి తీసి మాత్రల అట్టలు చూపించిందట. ముసలాయనకూ బీపీ ఉందని ఎప్పుడో వైద్య శిబిరంలో చెప్పారు. మోకాళ్ల నొప్పులతో ఆయన కొండ దిగలేడు. అందుకని ఒకరోజు ఆమె, ఒకరోజు ఆయన వేసుకుంటున్నారు. "ఇంట్లో ఇద్దరం ఉంటే ఒక్కదాన్నే ఎలా వేసుకోను బాబూ" అందట.

ఆ మాట చెబుతూ కుర్రాడు తల వంచుకున్నాడు. నేను చెప్పాల్సినదంతా ఆ ఇల్లే చెప్పేసింది.

కరుణ నేర్పితే వచ్చేదా, పుట్టుకతో రావాల్సిందేనా? ఇరవై ఏళ్లుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. పూర్వజన్మ సంస్కారం అంటారు కొందరు పెద్దలు. అదే నిజమైతే పల్లెకు మంచి వైద్యుడు దొరకడం ఆ ఊరి అదృష్టం మాత్రమే అవుతుంది. అందుకు నా మనసు ఒప్పదు. ఆ కుర్రాడికి కరుణ లేక కాదు, ఆ ఇంటి దారి తెలియక పొరబడ్డాడు. దారి చూపించడం గురువుల పని.

చరక సంహిత సూత్రస్థానం తొమ్మిదో అధ్యాయంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పారు: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఆ అధ్యాయం చివర్లోనే వైద్యుడి నడవడికి నాలుగు గుణాలు చెప్పారు: అందరిపట్ల మైత్రి, బాధలో ఉన్నవారిపట్ల కారుణ్యం, నయమయ్యేవారిపట్ల ప్రీతి, మరణానికి చేరువైనవారిపట్ల ఉపేక్ష. బౌద్ధంలోని మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్షలకు ఇవి దగ్గరి చుట్టాలు. బౌద్ధులు వాటిని రోజూ సాధన చేయమన్నారు. సాధన చేయమన్నారంటే అవి అభ్యాసంతో వస్తాయనే కదా!

వైద్య కళాశాల నాకు మూడో గుణాన్ని బాగా నేర్పింది. నాలుగోదాన్ని తప్పుగా నేర్పింది. నేను చదువుకున్న పెద్దాసుపత్రిలో, ఇక లాభం లేదనుకున్న మనిషి మంచం దగ్గర రౌండ్లలో ఎవరమూ ఆగేవాళ్లం కాదు.

ఉపేక్ష అంటే తెలుగులో పట్టించుకోకపోవడం. సంస్కృతంలోనూ ఆ అర్థం ఉంది. ఫలితం లేని చికిత్సకు పూనుకోవద్దన్నదే చరకుడి మాటకు మామూలుగా చెప్పుకునే అర్థం. అయితే పదాన్ని విడదీసి చూడండి: 'ఉప' అంటే దగ్గర, 'ఈక్ష' అంటే చూడటం. నా విద్యార్థులకు నేను ఈ మూలార్థమే పట్టుకోమంటాను. మందు ఆపాల్సి వచ్చినా చూడటం ఆపకూడదు.

నిరుడు చలికాలంలో ఆ ముసలాయనకు పక్షవాతం వచ్చింది. పెద్దాసుపత్రిలో కొన్నాళ్లు ఉంచి ఇంటికి పంపేశారు. కుర్రాడు వారం వారం కొండెక్కాడు. రెండు గంటలకోసారి పక్క మార్చడం, ఆనించి కూర్చోబెట్టి చెంచాతో కొద్దికొద్దిగా గంజి పట్టడం, తడిగుడ్డతో నోరు శుభ్రం చేయడం కోడలికి దగ్గరుండి నేర్పాడు. రెండు నెలలకు ఆయన పోయాడు. వీపున ఒక్క పుండు లేదు. చదివిన చదువంతా పెట్టి చూస్తే, ఆ కుర్రాడు వైద్యుడైంది ఆ రెండు నెలల్లోనే అంటాను.

పల్లెల్లో పనిచేయగల వైద్యుణ్ణి తయారుచేయాలన్న ఆలోచన మనకు కొత్త కాదు. 1946లోనే భోర్ కమిటీ ఆ మాట చెప్పింది. ఎంబీబీఎస్ విద్యార్థులు ఊళ్లలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చూడాలన్న నియమం ఇప్పుడుంది. మూడేళ్ల డీఎన్‌బీ ఫ్యామిలీ మెడిసిన్ ఉంది. పీహెచ్‌సీ వైద్యులే ఊరూరా వెళ్లే ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో మొదలైంది. ఇవన్నీ మంచి దారులే. కానీ వార్డు తర్వాత వార్డు మారుతూ, ఊరి తర్వాత ఊరు తిరుగుతూ నేర్చుకున్నవాడికి జబ్బులు తెలుస్తాయి, మనుషులు తెలియరు. మూరెడు చూరులో దాచిన మాత్రల సంగతి ఏ వార్డులోనూ కనబడదు.

వైద్య విద్యను నడిపిస్తున్న పెద్దలకు నా మనవి ఒక్కటే. కుటుంబ వైద్యుడు కాబోయే ప్రతివాడినీ కనీసం ఒక ఏడాదిపాటు ఒకే ఊళ్లో ఉంచండి. అవే ఇళ్లకు మళ్లీ మళ్లీ వెళ్లనివ్వండి. పక్కన ఒక అనుభవమున్న గురువును పెట్టండి, ఉండటానికి మంచి ఇల్లు ఇవ్వండి. కరుణ పాఠం అక్కడ మొదలవుతుంది.