పురిటి నొప్పి తపస్సా?

బాలింతను చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆడపిల్లా, మగపిల్లాడా అని అడిగిన వెంటనే అడిగే రెండో ప్రశ్న "నార్మలా, ఆపరేషనా?" అని. నార్మల్ అంటే "గట్టి మనిషివే" అన్న మెచ్చుకోలు దక్కుతుంది. పెద్దాపరేషన్ అంటే "పోన్లే, నొప్పులు పడకుండా బయటపడ్డావు" అంటారు. ఓదార్పులాగే వినిపించినా ఆ మాటలో చిన్న ముల్లు ఉంటుంది. నలుగురు తల్లులు కూచుని తమ కానుపుల సంగతులు చెప్పుకునేటప్పుడు కూడా ఆ ముల్లు గుచ్చుకుంటూనే ఉంటుంది. ఒకామె రాత్రంతా పడ్డ నొప్పుల గురించి చెబుతుంటే, కోత పడినామె తన కథ చెప్పడానికి వెనకాడుతుంది. దీని అడుగున ఉన్నది వైద్య విషయం కాదు, ఒక మత విశ్వాసం. నొప్పి పడి కంటేనే కన్నట్టు, ఆ బాధే తల్లికి పుణ్యం, ఓర్చుకున్నవారిది ఒక మెట్టు పైన అని. మన మతాలు నిజంగా అలా చెప్పాయా? చెప్పలేదనే నా వాదన. అవి తల్లి బాధను గుర్తించాయి, గౌరవించాయి. కానీ దాన్ని కొలబద్ద చేసి తల్లులను హెచ్చుతగ్గులుగా నిలబెట్టలేదు.

ఋగ్వేదం నాలుగో మండలంలో పద్దెనిమిదో సూక్తం ఈ ప్రశ్నకు ఎంత దగ్గరగా వస్తుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. అది కడుపులో ఉన్న బిడ్డతో సాగే సంభాషణ. ఆ బిడ్డ ఇంద్రుడని కొందరు, వామదేవుడని కొందరు వ్యాఖ్యానించారు. దేవతలందరూ పుట్టిన పాత దారి ఇదే, నువ్వూ ఇలాగే రా అంటుంది ఒక గొంతు. ఈ దారి కష్టం, నేను పక్కనుంచి అడ్డంగా బయటికొస్తాను అంటాడు బిడ్డ. పాత దారినే రమ్మనడానికి ఆ గొంతు చెప్పిన కారణం గమనించాలి. అలా వస్తే పుణ్యమనీ, నొప్పి పడితే తల్లికి మేలనీ అనలేదు. తల్లికి ప్రాణం మీదికి తేవద్దు అంది. కత్తి పట్టి కడుపు కోస్తే తల్లి బతికే ఆశలేని కాలంలో సహజ ప్రసవాన్ని సమర్థించిన ఆ మాట మొత్తం తల్లి క్షేమం మీదే నిలబడింది. సుశ్రుత సంహిత నిదానస్థానంలో మూఢగర్భాన్ని, అంటే బయటికి రాలేక చిక్కుకున్న బిడ్డను గురించి చెప్పేచోట కూడా ప్రాణం కాపాడాలన్న చూపే కనిపిస్తుంది. తల్లి చనిపోయి, కడుపులో బిడ్డ ఇంకా కదులుతుంటే వైద్యుడు ఆలస్యం చేయకుండా కోసి బిడ్డను తీయాలంటుంది. ఇక మహాభారతంలో మాంధాత. యజ్ఞజలం పొరపాటున తాగి గర్భం దాల్చిన తండ్రి, యువనాశ్వ రాజు ఎడమ పక్క చీల్చుకుని పుట్టాడు. రాజు చనిపోకపోవడమే వింత అన్నారు కానీ, కోతతో పుట్టాడు కాబట్టి మాంధాత జన్మ తక్కువదని ఎవరూ అనలేదు. అతను చక్రవర్తి అయ్యాడు.

ఇతర మతాల్లోనూ ఇదే కనిపిస్తుంది. ఖురాన్‌లో మర్యమ్ సూరా చదవండి. పురిటి నొప్పులు యేసు తల్లి మర్యమ్‌ను ఖర్జూరపు చెట్టు మొదటికి తరుముతాయి. దీనికన్నా ముందే చచ్చిపోయి ఉంటే బాగుండేదని ఆమె అంటుంది. దానికి జవాబుగా వచ్చిన స్వరం నొప్పిని పొగడలేదు. దిగులుపడకు, నీ కింద నీటి ఊట ఉంది, చెట్టు మొదలు కుదుపు, పండిన ఖర్జూరాలు రాలతాయి, తిను, తాగు అంది. బాధకు దైవం ఇచ్చిన జవాబు ఉపశమనం. బైబిలు ఆదికాండంలో మాత్రం ప్రసవ వేదన హవ్వకు పడిన శిక్షగా వస్తుంది. 1847లో స్కాట్లాండ్ వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ కాన్పులో క్లోరోఫాం వాడినప్పుడు మతం పేరుతో వచ్చే అభ్యంతరాలకు ఆయన అదే బైబిలుతో జవాబు రాశాడు. ఆదాము పక్కటెముక తీసే ముందు దేవుడే అతనికి గాఢనిద్ర కలిగించాడు కదా అన్నాడు. 1853లో విక్టోరియా రాణి తన కాన్పుకు క్లోరోఫాం తీసుకున్నాక ఆ అభ్యంతరాల జోరు తగ్గింది. శిక్షగా చెప్పిన చోట కూడా దాన్ని తగ్గించడం పాపం కాలేదు.

కానీ కష్టం మనిషిని శుద్ధి చేస్తుంది కదా, పురిటి నొప్పి ఒక తపస్సు కాదా అని అడగవచ్చు. తేలిగ్గా తీసేయదగ్గ ప్రశ్న కాదిది. అయితే తపస్సుకు మొదటి లక్షణం మనం దాన్ని ఎంచుకోవడం. పురిటి నొప్పి ఎంచుకున్నది కాదు, వచ్చిపడింది. గీత పదిహేడో అధ్యాయం శరీరంతో, మాటతో, మనసుతో చేసే తపస్సులు విడివిడిగా చెబుతుంది. శౌచం, అహింస, ప్రియమైన సత్యం పలకడం, మనసు ప్రసన్నంగా ఉంచుకోవడం వంటివే అందులో ఉన్నాయి. మొండిపట్టుతో శరీరాన్ని హింసించుకునే తపస్సును తామసం అంది. మన పెద్దలు పురాణ వైరాగ్యం, శ్మశాన వైరాగ్యాల పక్కన ప్రసూతి వైరాగ్యాన్ని చేర్చింది కూడా ఇందుకే. ఆ నొప్పిలో పుట్టిన విరక్తి నొప్పితోనే పోతుందని వాళ్ళకు తెలుసు. అసలు నొప్పే లెక్కయితే ఆపరేషన్ తల్లికి తక్కువ పడిందని ఎవరన్నారు? వెన్నులో సూది మత్తు దిగాక ఆమె మంచం మీద ఒక పక్కకి ఒత్తిగిలి, చేతుల బలంతో మెల్లగా లేవాలి. దగ్గు వస్తే కుట్ల మీద దిండు అదిమిపెట్టుకుని దగ్గాలి. అదే చేతులతో పాలకు ఏడ్చే బిడ్డను ఎత్తుకోవాలి. నార్మల్ కానుపులో కింద కుట్లు పడిన తల్లికి వారాల తరబడి సరిగ్గా కూచోవడమే కష్టం. ఈ రెండు బాధల్నీ ఏ తక్కెడలో తూస్తాం?

దేవుడు శరీరానికి ఒక దారి పెట్టాడు, కత్తి దానికి అడ్డు అనే వాదన కూడా ఉంది. బొడ్డు కోసేదీ కత్తే. అది ఏ కాలంలోనూ ఎవరికీ అధర్మం అనిపించలేదు. రంపచోడవరం, పాడేరు ఏజెన్సీలో నొప్పులు పడుతున్న గర్భిణిని డోలీలో మోసుకొచ్చేవాళ్ళకు, దూరంగా ఉన్న ఆ కత్తే దైవానుగ్రహం.

ఇక్కడే గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. నొప్పికి విలువ లేదంటే తెలుగునాట విచ్చలవిడిగా జరుగుతున్న కోతలను సమర్థించినట్టు కాదా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆపరేషన్ కానుపులు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం. జనాభా మొత్తంలో సిజేరియన్లు పది శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు అందువల్ల ఇంకా తగ్గిన దాఖలా లేదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అవసరం లేని కోత తర్వాతి కాన్పుల్లో మాయ గర్భసంచికి అతుక్కుపోయే ప్రమాదాన్ని పెంచుతుంది. కాబట్టి వేదం చెప్పిన కొలత, అంటే తల్లికి ప్రాణహాని కాకూడదన్న కొలతే, ఈ కోతలను కూడా తప్పు పడుతుంది. ముహూర్తం పెట్టించి చేయించే ఆపరేషన్లయితే మతం పేరుతో మతాన్నే కాదనడం. జాతకం పూర్వకర్మ ఫలాన్ని సూచిస్తుందని జ్యోతిషం చెబుతుంది. కర్మే పుట్టే క్షణాన్ని నిర్ణయిస్తే మనం దాన్ని మార్చలేం. సర్జన్‌కు ఖాళీ ఉన్న గంటను బట్టి మార్చగలిగితే ఆ జాతకంలో చదవడానికి కర్మ ఏమీ మిగలదు. రెండిట్లో ఏది నమ్మినా ముహూర్తపు కోతకు చోటు లేదు. పైగా వైద్య కారణం లేకుండా 39 వారాలు నిండకముందే తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బందులు ఎక్కువ. మంచి నక్షత్రం కోసం బిడ్డ ఊపిరితిత్తులను పణంగా పెట్టడం ఏ ధర్మశాస్త్రమూ ఒప్పుకోని పని.

నార్మల్ కావాలని తొమ్మిది నెలలూ ఆశపడి, చివరి గంటలో ఆపరేషన్ గదికి వెళ్ళిన తల్లికి ఒక వెలితి ఉంటుంది. అది నిజమైన దుఃఖం, దాన్ని కొట్టిపారేయకూడదు. నొప్పులు ఓర్చుకుని కన్న తల్లి తన బలాన్ని చూసి పొంగిపోవడంలోనూ తప్పేమీ లేదు. తప్పల్లా ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఒకరికి మార్కులు వేయడంలో ఉంది. బాలింతను చూడ్డానికి వెళ్ళేవాళ్ళకు నా మనవి ఒకటే. ఎలా కన్నావని అడగకండి. తిన్నావా, కాస్త నిద్రపోయావా, బిడ్డను కాసేపు నేను ఎత్తుకోనా అని అడగండి. ముహూర్తం అడగడానికి ఇంటికొచ్చిన దంపతులను పంతులుగారు ముందు డాక్టరు దగ్గరికి పంపించి, ఆపరేషన్ ఎందుకు అవసరమో కనుక్కుని రమ్మనాలి.