స్పర్శదీక్ష

ఏడాదికి 300 గుడ్లు పెట్టే కోడికి పొదగడం రాదు. ఫారాల్లోని తెల్లకోడి, లెగ్‌హార్న్ సంతతిది, గుడ్డు పెట్టి లేచిపోతుంది. వెనక్కి తిరిగి చూడదు. ఆ లోపం దానిది కాదు. పొదుగుకు వచ్చిన పెట్ట గుడ్లు పెట్టడం మానేస్తుంది కాబట్టి, పొదుగు బుద్ధి లేనివాటినే మనుషులు తరతరాలుగా ఏరుకుంటూ వచ్చారు. మన అసీల్ పెట్ట తీరు వేరు. పెరట్లో తిరిగేది ఏడాదికి 30, 40 గుడ్లు పెడితే గొప్ప. కానీ గుడ్ల మీద కూర్చున్నదంటే 21 రోజులూ అదే లోకం. రోజుకొకసారి దిగుతుంది, నాలుగు గింజలు ఏరుకుంటుంది, రెండు గుక్కలు తాగుతుంది, మళ్ళీ గంపలోకి. రొమ్ము మీది ఈకలు రాలి చర్మమే నేరుగా గుడ్డుకు తగులుతుంది. ఒళ్ళు తగ్గుతుంది. చెయ్యి దగ్గరికి పోనిస్తే ఈకలన్నీ విచ్చుకుని గుర్రుమంటుంది.

ఫలం పెంచుకునే తొందరలో మనం ఫారం కోడి రక్తంలోంచి తపస్సునే తీసేశాం.

సౌదీ అరేబియాలోని అల్ ఖోబర్‌లో ఒక తెలుగు మిత్రుడి విల్లా పెరట్లో అసీల్ జత ఉంది. ఖతీఫ్ ఖర్జూరపు తోటల్లోని ఒక పెంపకందారు దగ్గర తెచ్చుకున్నాడు. పుంజు చూడముచ్చటైన డేగ: నిటారు మెడ, పొడుగు కాళ్ళు, తలకు అంటుకున్న చిన్న జుట్టు. వచ్చినవాళ్ళంతా దాని చుట్టూ చేరతారు. నేను గంప దగ్గరే ఆగిపోతాను. అసీల్ అనగానే మనవాళ్ళకు బరి, కత్తి, సంక్రాంతి గుర్తొస్తాయి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఆ పందేలను నేరమంటున్నా ఆ కీర్తి చెక్కుచెదరలేదు. పల్నాటి కథలో బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు పేరు మిగిలింది, నాగమ్మ పుంజు శివంగిడేగ పేరూ మిగిలింది. వాటిని పొదిగిన పెట్టలేవో ఎవరూ అడగలేదు. జాతిని నిలబెట్టింది మాత్రం బరిలో వెనుదిరగని పుంజు కన్నా గంపలోంచి లేవని పెట్టే అని నా నమ్మకం.

ఆదిపర్వంలో కద్రువకు వెయ్యి గుడ్లు, వినతకు రెండు. తల్లులిద్దరూ వాటి మీద కూర్చోలేదు. పరిచారికలు ఆ గుడ్లను వెచ్చని, చెమ్మగల భాండాల్లో ఉంచారని వ్యాసుడు చెబుతాడు. ఇవాళ్టి ఇంక్యుబేటర్‌కు కావలసిన వేడీ తడీ రెండూ ఆ భాండంలో ఉన్నాయి. 500 ఏళ్ళకు కద్రువ గుడ్లు పగిలి నాగులు బయటికొచ్చారు. వినత గుడ్లు కదల్లేదు. సవతి బిడ్డలను చూసి ఓర్చుకోలేక ఒకదాన్ని తన చేత్తోనే పగలగొట్టింది. పైసగం ఏర్పడి కిందిసగం ఏర్పడని అరుణుడు వచ్చాడు. సవతికి దాసివి కమ్మని తల్లిని శపించాడు. రెండోదాన్నైనా మరో 500 ఏళ్ళు ఆగి కాపాడుకో, నీ దాస్యం తీర్చేవాడు అందులో ఉన్నాడు అని దారీ చూపించాడు.

వినతది తొందరపాటు అని పురాణం చెప్పేవాళ్ళు ఒక్క మాటతో దాటిపోతారు. ఆ తొందర ఎక్కడిదని అడిగితే నా చూపు భాండం మీదికే పోతుంది. గుడ్డు తన ఒంటికింద ఉన్న తల్లికి లోపలి కబురు తెలుస్తుంది. చివరి రోజుల్లో పిల్ల పెంకులోంచే కిచకిచమంటుంది. పెట్ట గొంతులోనే సన్నగా బదులిస్తుంది. లోపల ప్రాణం పలుకుతుంటే పైన కూర్చున్నదానికి అనుమానం ఎందుకొస్తుంది? వినతకు ఆ కబురందే దారి లేకపోయింది. దూరంగా నిలబడి తన భాండాన్ని చూసింది, తర్వాత పక్క భాండాన్ని చూసింది. పోలిక అక్కడ పుట్టింది. జపం చేసేవాడు జపంలో కూర్చోకుండా దాని ఫలితాన్ని బయటినుంచి కనిపెట్టుకుని ఉంటే, పక్కవాడికి దర్శనమైందన్న వార్త చాలు, తన లోపలున్నదాన్ని పగలగొట్టుకోవడానికి.

అయినా ఆ కథ అరుణుణ్ణి వదిలెయ్యలేదు. ఆ సగం దేహంవాడే సూర్యుడికి సారథి అయ్యాడు. తెల్లవారుజామున కోడి కూసేది అరుణోదయానికే కదా. వేళకు ముందే పగిలిన గుడ్డులోని బిడ్డ రాకను, వేళ నిండి పుట్టిన కోడి రోజూ లోకానికి చాటుతోంది! చెడిపోయిందనుకున్న సాధనకు కూడా సూర్యరథం మీద చోటుందని దీన్నిబట్టి నేను ధైర్యం తెచ్చుకుంటాను. ఖోబర్‌లో ఆ కూత వేకువ నమాజుకు పిలిచే ఫజ్ర్ అజాన్‌తో కలిసి వినిపిస్తుంది. కోడి దేవదూతను చూసి కూస్తుంది, ఆ వేళ దైవానుగ్రహాన్ని అడగండి అని ప్రవక్త చెప్పినట్టు హదీసుల్లో ఉంది. ఆ పెరట్లో నిలబడినప్పుడు ఈ రెండూ నాకు ఒకే తెల్లవారుజాములా అనిపిస్తాయి.

ఈ ఊళ్ళో గుడ్డును బతికించుకోవడం తేలిక కాదు. పెట్టిన క్షణానికే గుడ్డులో పిండం కొంత ఎదిగి ఉంటుంది. 20 డిగ్రీల లోపు చల్లదనం దొరికితే నిద్రపోయి, పొదుగు వేడి కోసం కొన్నాళ్ళు ఎదురుచూడగలదు. పెరగడానికి దానికి 37.5 డిగ్రీలు కావాలి. ఈ రెంటికీ నడిమి వేడి దానికి పగ. ఖోబర్ వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఏసీ లేని గదిలో వదిలేసిన గుడ్డులో పిండం సగం మేలుకుంటుంది. నిద్రా లేక, ఎదుగుదలా లేక నశిస్తుంది. చల్లటి గుడ్డుకు రేపటి ఆశ ఉంది, సగం వేడెక్కినదానికి అదీ లేదు. వారానికో గురువును, నెలకో మంత్రాన్ని మార్చే మన గోరువెచ్చని భక్తిని తలుచుకుంటే నాకు భయమేస్తుంది.

తడి సంగతి ఇంకా లోతైనది. పొదిగే రోజుల్లో గుడ్డు తన బరువులో సుమారు 12 శాతం నీటిని పెంకు రంధ్రాలగుండా వదులుకోవాలి. నీరు పోయినకొద్దీ లావుపాటి కొన దగ్గర గాలిగది పెరుగుతుంది. 20వ రోజుకు అటూ ఇటూగా పిల్ల ముక్కుతో పొర చీల్చి మొదటి ఊపిరి తీసేది ఆ గదిలోనే, పెంకు ఇంకా పగలకముందే. సముద్రపు చెమ్మ కమ్మిన ఆగస్టు రాత్రుల్లో ఆ నీరు పోదు, గది పెరగదు, పిల్ల లోపలే మునిగిపోతుంది. ఏసీ పొడిగాలి మితిమీరితే పొర ఎండి పిల్లకు అంటుకుపోతుంది. అందుకే మిత్రుడు పెట్టను శీతాకాలంలోనే గుడ్లకు కూర్చోబెడతాడు. ఛాందోగ్యం హృదయంలో దహరాకాశముందనీ, వెతకవలసింది అక్కడేననీ చెబుతుంది. ఆ మాటకు ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం నాకు దొరకలేదు. లోపల కొంత ఖాళీ అయితే గాని తొలి శ్వాసకు చోటు లేదు.

ఆ తర్వాతి గంటలే అసలు పరీక్ష, లోపలున్నదానికీ బయటున్నవాడికీ. పెంకు మీద చిన్న నెర్రె కనిపిస్తుంది. పిల్ల ముక్కు కొసన ఉండే గట్టి మొన ఆ దెబ్బ కొడుతుంది. ఆపైన చాలాసేపు ఏమీ జరగదు. ఒక్కోసారి పూటలు గడుస్తాయి. చూసేవాడికి ప్రాణం ఉగ్గబట్టినట్టుంటుంది, గోటితో ఆ పెంకు కాస్త ఒలిచిపెడదామనిపిస్తుంది. కానీ ఆ నిశ్చలంలోనే పిల్ల మిగిలిన సొనను కడుపులోకి లాక్కుంటోంది. పెంకు పొరలో పారుతున్న నెత్తురు దాని ఒంట్లోకి తిరిగి వస్తోంది. అప్పుడు ఒలిస్తే ఆ నాళాలు తెగి నెత్తురు కారుతుంది. దయే దాన్ని చంపుతుంది. వేళ నిండాక పిల్ల గుండ్రంగా తిరుగుతూ పెంకును తానే కోసుకుని వస్తుంది. లోపలికి చేరిన ఆ సొనతో రెండు మూడు రోజులు మేత లేకున్నా బతుకుతుంది. పెంకు పగలగొట్టిన ఆ మొన కొద్ది రోజుల్లో రాలిపోతుంది. దాని అవసరం జన్మకు ఒక్కసారే. శంకరులు ఆత్మబోధలో చెప్పిన చిల్లగింజ పొడి కూడా నీటిని తేర్చి తానూ అడుగంటిపోయేదే. జ్ఞానసాధనమూ అంతేనన్నారాయన.

కులార్ణవ తంత్రం గురువిచ్చే దీక్షల్లో మూడింటిని మూడు ప్రాణులతో చెప్పింది. పక్షి రెక్కల వెచ్చదనంతో పిల్లల్ని సాకుతుంది: స్పర్శదీక్ష. చేప చూపుతో సాకుతుంది: దృగ్దీక్ష. తాబేలు ఎక్కడో ఉండి తలపుతోనే సాకుతుంది: వేధదీక్ష. ఈ మూడోది ఖోబర్‌లో ఉన్నవాళ్ళకు చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. ఇక్కడికి ఉత్తరాన, జుబైల్ తీరానికి దూరంగా కరాన్, జనా అనే దీవులున్నాయి. ఏటా వేసవిలో పచ్చ తాబేళ్ళు ఆ ఇసుకలో గుడ్లు పెట్టి, కప్పి, సముద్రంలోకి వెళ్ళిపోతాయి. కోనసీమ నుంచో కడప నుంచో కరీంనగర్ నుంచో వచ్చి ఇక్కడ పనిచేస్తున్న తండ్రులు, బిడ్డల్ని ఊళ్ళో వదిలి ఇళ్ళపనికి వచ్చిన తల్లులు, రాత్రి ఫోన్ తెర మీద పిల్లల ముఖం చూసేటప్పుడు చేపలు. పొద్దంతా పనిలో వాళ్ళను తలుచుకునేటప్పుడు తాబేళ్ళు. తలపుతో సాకడాన్ని పైమెట్టు అనడం వింటుంటాం. కావచ్చు. ఆ మెట్టు మీద నిలబడ్డవాళ్ళకు మాత్రం కావలసింది మొదటిదే, బిడ్డ ఒంటికి తమ ఒంటి వెచ్చదనం తగలడం. ఆ పెరట్లో పెట్ట చుట్టూ మగవాళ్ళు మాట్లాడకుండా ఎందుకు నిలబడిపోతారో నాకు ఇప్పుడర్థమవుతోంది.

అసీల్ జాతిని కాపాడే పని చేస్తున్న సంస్థలు మనకున్నాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంచాలనాలయం అసీల్ సంతతిని పెంచి నిలుపుతోంది. అయితే నా మనసుకు బాగా పట్టింది ఒకప్పటి తూర్పుగోదావరి జిల్లా మన్యంలోని ఆదివాసీ స్త్రీల పద్ధతి. కొక్కెర తెగులుకు కోళ్ళు పోయి ఇళ్ళు ఖాళీ అయినప్పుడు, ఆంత్ర అనే సంస్థ వాళ్ళ పాత ఆచారాన్నే మళ్ళీ నిలబెట్టింది. దాని పేరు వాటా. పెట్ట ఉన్న ఇంటివారు లేని ఇంటికి ఒకదాన్నిస్తారు. అది పొదిగిన పిల్లలను ఇద్దరూ పంచుకుంటారు. డబ్బు చేతులు మారదు. ఒక ఇంట్లో తెగులు వచ్చినా సంతతి ఇంకో ఇంట్లో బతికి ఉంటుంది.

మిత్రుడికి ఈ సంగతి చెప్పాను. ఈ శీతాకాలం పిల్లల్లో ఒక పెట్టను దమ్మామ్‌లోని మరో తెలుగు కుటుంబానికి వాటాకు ఇస్తున్నాడు. షరతు ఒక్కటే పెట్టాడు: పొదుగుకు వచ్చిందంటే గుడ్లు తీసి ఇంక్యుబేటర్‌లో పెట్టకూడదు, దాన్నే కూర్చోనివ్వాలి.