పిల్లల తగవు: తీర్పా, రాజీనా?

పెన్సిలు ఎవరిది, వరుసలో ముందెవరు, ఆటలో అవుటయ్యాడా లేదా: ప్రాథమిక పాఠశాలలో తగవులు ఎక్కువగా ఇలాంటివాటి మీదే వస్తాయి. పెద్దలకు ఇవి క్షణంలో తేలిపోయే సంగతులు. తగవుపడ్డ పిల్లలకు మాత్రం అక్కడ అడుగుతున్నది న్యాయమే. దాన్ని పెద్దలు చెప్పాలా, పిల్లలే తేల్చుకోవాలా అన్నది నీతిశాస్త్రం చాలాకాలంగా తర్కిస్తున్న విషయం.

నీతి సమాజం నుంచి వస్తుందనీ, బడిలో ఆ సమాజం తరఫున మాట్లాడేది ఉపాధ్యాయుడేననీ ఫ్రెంచి సామాజికవేత్త ఎమిల్ డర్క్‌హైమ్ భావించాడు. స్విట్జర్లండ్ మనోవైజ్ఞానికుడు జీన్ పియాజే దీన్ని ఒప్పుకోలేదు. ఆయన గోళీలాడే పిల్లల దగ్గర కూర్చుని, ఈ నియమాలు ఎక్కడివి, మార్చవచ్చా అని అడిగాడు. చిన్నవాళ్లకు నియమం పెద్దలు పెట్టినది, మార్చరానిది. పదేళ్లు దాటిన వాళ్లకు అదే నియమం ఆడేవాళ్ల మధ్య ఒప్పందం. అందరూ సరేనంటే మార్చుకోవచ్చు. న్యాయబుద్ధికి మూలం ఆజ్ఞ కాదు, సమానుల మధ్య పరస్పర గౌరవం అని 1932 నాటి తన గ్రంథంలో ఆయన వాదించాడు. ఈ మాట నిజమైతే, టీచరు తీర్పు ఎంత సరైనదైనా పిల్లలకు దానివల్ల ముఖ్యంగా అబ్బేది విధేయతే.

పియాజే కంటే ముందే పోలండులో ఒక వైద్యుడు, తగవులు పిల్లలే తేల్చుకోవాలన్న ఆలోచనను ఆచరణలో పెట్టాడు. యానుష్ కోర్చాక్ 1912 నుంచి వార్సాలో యూదు అనాథబాలల ఆశ్రమాన్ని నడిపాడు. అక్కడ పిల్లలే న్యాయమూర్తులుగా కోర్టు ఉండేది. ఆ వారం తమ మీద ఏ ఫిర్యాదూ లేని పిల్లల్లోంచి చీటీలు తీసి ఐదుగురిని ఎంచేవారు. ఎవరైనా ఎవరి మీదైనా ఫిర్యాదు చేయవచ్చు. పెద్దల మీదా, తన మీద తానూ కూడా. కోర్చాక్ రాసిన శిక్షాస్మృతిలో మొదటి తొంభైతొమ్మిది అధికరణాలూ క్షమించేవీ, ఫిర్యాదును కొట్టివేసేవీ. తెలియక చేశాడనీ, ఇక చేయడనీ, పశ్చాత్తాపపడుతున్నాడనీ వదిలేయడానికే అన్ని దారులు! నూరో అధికరణంతో తప్పును తప్పని చెప్పడం మొదలై, మెట్టు మెట్టుగా పెరిగి, వెయ్యో అధికరణంలో ఆశ్రమం నుంచి పంపివేయడం దాకా వెళుతుంది. కోర్చాక్ స్వయంగా ఆరు నెలల్లో ఐదుసార్లు ఈ కోర్టు ముందు నిలిచాడు. ఒక అబ్బాయిని చెవి మీద కొట్టినందుకు ఒకసారి, ఒక అమ్మాయిని దొంగ అని అనుమానించినందుకు మరోసారి. పిల్లలకు న్యాయం నేర్పదలచినవాడు తానూ దానికి లోబడాలన్న నిజాయితీ ఈ ప్రయోగానికి ప్రాణం.

అమెరికాలో ఈ ఆలోచన మరో దారి పట్టింది. 1972లో న్యూయార్క్‌లో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు మొదలుపెట్టిన కార్యక్రమం, 1980ల ఆరంభంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన మరొకటి తగవులు తీర్చుకునే నేర్పును బడిలోకి తెచ్చాయి. శాన్‌ఫ్రాన్సిస్కో పద్ధతిలో మధ్యవర్తులుగా శిక్షణ పొందిన పిల్లలు ఇద్దరిద్దరుగా ఆటస్థలంలో తిరుగుతారు. తగవు కనిపిస్తే ముందు అడిగేది, మా సాయం కావాలా అని. ఇద్దరూ ఒప్పుకుంటేనే పని మొదలు. ఒకరు చెబుతుంటే రెండోవారు అడ్డురాకూడదు, తిట్టకూడదు; ఇద్దరూ నిజమే చెప్పాలి. మధ్యవర్తి విన్నదాన్ని తిరిగి చెప్పి, ఇప్పుడేం చేద్దామని వాళ్లనే అడుగుతాడు. తప్పెవరిదో మాత్రం చెప్పడు.

కోర్టుకూ మధ్యవర్తిత్వానికీ అసలు తేడా ఇక్కడే ఉంది. కోర్చాక్ పద్ధతిలో తప్పు జరిగిందా అని విచారించిన తర్వాతే క్షమ. మధ్యవర్తిత్వంలో తప్పు పేరెత్తకుండానే సర్దుబాటు కుదరవచ్చు. పిల్లల మీద ఎక్కువ నమ్మకముంచేది రెండోదే; పరిష్కారం వాళ్లదే కాబట్టి దాన్ని నిలబెట్టుకోవాలన్న పట్టుదలా వాళ్లలోనే పుడుతుంది. ఎదుటివాడి మాటను చివరిదాకా వినడం ఎనిమిదేళ్ల పిల్లవాడికి తేలిక కాదు, పెద్దలకూ కాదు. ఆ సాధన ఏ నీతిపాఠం కంటే కూడా విలువైనది.

అయితే సమానత్వం లేనిచోట ఈ పద్ధతి పనికిరాదు. పదిమంది వెంట ఉన్న బలవంతుడు రోజూ ఒకే పిల్లవాణ్ణి ఏడిపిస్తుంటే అది తగవు కాదు, వేధింపు. అక్కడ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ అడగడం బాధితుడికి రెండో అన్యాయం. కులం పేరుతోనో, పేదరికం పేరుతోనో, శరీరలోపం పేరుతోనో జరిగే అవమానమూ ఇలాంటిదే. కొట్టడం, బెదిరించడం, ఒంటిమీద చేయి వేయడం వంటివి మధ్యవర్తి పిల్లల చేతికి అసలు రాకూడదు. వాటిని వెంటనే టీచరుకు చెప్పాలని శిక్షణలోనే నేర్పాలి. వాటిని విచారించి, బాధితుడికి రక్షణ కల్పించే బాధ్యత పెద్దలదే.