మెల్లని గొంతు, పెద్ద గొంతు

మిరప కల్లంలో మాటామాటా పెరిగి, పలకరింపులు మానేసిన అన్నదమ్ములను మేము చూశాము. "వాడు నోరు విప్పడు" అని ఒకరు, "వీడు నోరు మూయడు" అని ఇంకొకరు! గుంటూరు యార్డులో తేజ కాయను ఘాటుకు, బాడిగ కాయను రంగుకు కొంటారు. మిరపకాయకు దక్కే ఆ మన్నన తోబుట్టువుకు దక్కదా?

ఒక రాత్రి దైవప్రవక్త (సఅసం) బయటికి వెళ్ళారు. నమాజులో హజ్రత్ అబూబక్ర్ (రజి) మెల్లగా, హజ్రత్ ఉమర్ (రజి) బిగ్గరగా ఖుర్‌ఆన్ పఠిస్తున్నారు. తర్వాత ఇద్దరూ కలిసినప్పుడు ఆ సంగతి ప్రస్తావించారు. తాను వేడుకునే ప్రభువు వింటూనే ఉన్నాడని అబూబక్ర్, నిద్రపోయేవారిని లేపుతూ షైతానును తరుముతున్నానని ఉమర్ విన్నవించుకున్నారు. ఒకరిని గొంతు కాస్త పెంచమని, మరొకరిని కాస్త తగ్గించమని ఆయన చెప్పారు (అబూ దావూద్, తిర్మిజీ).

ఆ "కాస్త"ను గమనించండి. ఉమర్‌ను అబూబక్ర్‌లా మారమనలేదు. ఈ రోజు ఇషా తర్వాత మీ అన్నకు ముందుగా మీరే సలాం చెప్పండి, గొంతు కాస్త తగ్గించి.