కాకరకాయ తినమన్నదెవరు?

మా ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య ఒక తగాదా కొన్నేళ్ళుగా నడుస్తోంది. పొలం గట్టు గురించి కాదు, ఇంటి వాటా గురించి అంతకంటే కాదు. శక్తిమాన్ గురించి! తీర్పు చెప్పవలసినదాన్ని నేను. ఇవాళ చెబుతాను, రేపు చెబుతాను అని వాయిదాలు వేస్తూ వస్తున్నాను. ఇంక కోర్టుల్ని అని ఏం లాభం?

2022 ఫిబ్రవరిలో సోనీ పిక్చర్స్ వాళ్ళు శక్తిమాన్‌ని సినిమాగా తీస్తామని ప్రకటించారు. ఆ రోజు మొదలైంది మా ఇంట్లో రభస. మా అబ్బాయి అంటాడు: "తీస్తే ఉన్నదున్నట్టు తియ్యాలి. అవే ముదురెరుపు బట్టలు, అదే గిరగిరా తిరగడం. ఒక్క పోగు మార్చినా నేనూరుకోను." వాడు ఊరుకోకపోతే ఏం చేస్తాడో నాకు తెలీదు. మనవడు అంటాడు: "అలా తీస్తే మా ఫ్రెండ్సెవరూ రారు. నువ్వొక్కడివే కూచుని చూసుకో నాన్నా." ఇద్దరూ కలిసి నా వైపు తిరుగుతారు. "నువ్వు చెప్పమ్మా" అని ఒకడూ, "నువ్వు చెప్పు నానమ్మా" అని ఒకడూ.

నేను చెప్పలేకపోవడానికి కారణం ఉంది. ఈ కేసులో నేను జడ్జీని కాదు, ముద్దాయిని. ఆ సంగతి మీతో చెప్పుకోవాలనే ఇదంతా.

శక్తిమాన్ దూరదర్శన్‌లో మొదలైంది 1997 సెప్టెంబరులో. ముగిసింది 2005 మార్చిలో. అంటే ఏడున్నర సంవత్సరాలు! మా అబ్బాయి నాలుగో తరగతిలో చూడ్డం మొదలుపెట్టి ఇంటర్‌లోకి వచ్చేదాకా ఆ సీరియల్ నడిచింది. మహాభారతంలో భీష్ముడుగా వేసిన ముఖేష్ ఖన్నాయే శక్తిమాన్. మామూలప్పుడు పత్రికాఫీసులో పళ్ళు బయటపెట్టుకుని నవ్వే ఫోటోగ్రాఫర్ గంగాధర్. ఆపద వస్తే గిర్రున తిరిగి శక్తిమాన్. యోగమూ కుండలినీ పంచభూతాలూ ఒకవైపు, వాటికి పోటీగా డాక్టర్ జైకాల్ అనే పిచ్చి సైంటిస్టూ అతని ప్రయోగశాలా ఇంకోవైపు. సైన్సుకీ పురాణానికీ పెళ్ళి చేసి వదిలారన్నమాట. మన పిల్లలకి అంతకంటే ఏం కావాలి?

దాచేపల్లిలో మా వీధికంతా కలిపి అప్పట్లో నాలుగు టీవీలు. కొన్నాళ్ళకి శక్తిమాన్ ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చేది. పదకొండున్నరకల్లా పిల్లలు మా వరండాలో చేరిపోయేవాళ్ళు. ఒకడు డాబా మీదికెక్కి యాంటెన్నా తిప్పేవాడు. ఒకడు మెట్ల మీద నిలబడి "వచ్చింది, వచ్చింది, పోయింది" అని అరిచేవాడు. మా అత్తయ్య పడక్కుర్చీ ముందుకి లాక్కునేది. పొయ్యి మీద కూర ఒకవైపు, నేను వంటింటి గడపలో ఒకవైపు.

అంతా బాగానే ఉంది గానీ, సీరియల్ హిందీలో! ఇంట్లో హిందీ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. పెళ్ళికి ముందు హిందీ ప్రచార సభ వాళ్ళ పరీక్షలకి కట్టి, రాష్ట్రభాష దాకా పాసయ్యాను. అందుచేత దుబాసీ ఉద్యోగం నాకు పడింది. జీతం లేకపోయినా గౌరవం చాలా ఉండేది లెండి.

అయితే పుస్తకాల్లో హిందీ వేరు, తెర మీద గబగబా మాట్లాడే హిందీ వేరు. సగం అర్థమయ్యేది. మిగతా సగం నేనే పూడ్చేదాన్ని. మొదట్లో అవసరం కొద్దీ. పోనుపోను అది ఎంత ఉపయోగమో తెలిసొచ్చింది. ఎపిసోడు చివర్లో పిల్లలు తాము చేసిన తప్పు ఒప్పుకుని శక్తిమాన్‌కి సారీ చెప్పేవారు. ఆయన చిరునవ్వుతో నాలుగు మంచి మాటలు చెప్పేవాడు. ఆ నాలుగింటికీ నేను ఇంకో రెండు చేర్చేదాన్ని. "కంచంలో అన్నం వదిలెయ్యకూడదంటున్నాడ్రా", "నానమ్మ పిలిస్తే ఒక్క పిలుపుకే పలకాలంటున్నాడు", "కాకరకాయ కూర తింటేనే కండలంటున్నాడు". వీధిలో పిల్లలందరూ నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. పక్కింటావిడ కూడా "మీ శక్తిమాన్ పుణ్యమా అని మావాడు కాకరకాయ తింటున్నాడమ్మా" అంటే నాకు లోపల్లోపల ఎంత గర్వమో!

ఒక్కసారి మాత్రం నేను ఒక్క ముక్క కూడా కల్పించలేదు. ఆ రోజుల్లో, శక్తిమాన్ వచ్చి కాపాడతాడని నమ్మి కొందరు పిల్లలు ప్రమాదాలకి తెగించారని పేపర్లలో వార్తలొచ్చాయి. అలాంటి పనులు చెయ్యొద్దని ముఖేష్ ఖన్నా స్వయంగా తెర మీద పిల్లలకి చెప్పారు. ఆ వేళ నేను వంటింటి గడపలో నిలబడలేదు. పిల్లల మధ్యన వచ్చి కూర్చుని, వాడి చెయ్యి పట్టుకుని, మాటకి మాట చెప్పాను. అర్థం కానిచోట "నాకు అర్థం కాలేదురా" అని కూడా ఒప్పుకున్నాను.

దుబాసీతనంలో మా అత్తయ్య నాకంటే ఘనురాలు. పగలు శక్తిమాన్ అయితే, రాత్రి మంచం మీద ఆవిడ పల్నాటి కథ. మాకు కారంపూడి అట్టే దూరం కాదు. ఏటా కార్తీకంలో అక్కడ వీరుల ఉత్సవాలు అయిదు రోజులు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. 12వ శతాబ్దం నాటి కథని వీరవిద్యావంతులు ఇప్పటికీ పాడుతూనే ఉన్నారు. ఆలోచిస్తే దానికంటే పెద్ద సీరియల్ ఇంకేముంది చెప్పండి! ఆ కథ సినిమాగా రెండుసార్లు వచ్చింది. 1947లో వచ్చిన పల్నాటి యుద్ధంలో కన్నాంబ నాగమ్మ, 1966లో భానుమతి నాగమ్మ. మా అత్తయ్య చిన్నప్పుడు చూసింది మొదటిది. రెండోది ఎంత బాగుందని ఎవరన్నా "ఆ, ఏదోలే" అని మూతి తిప్పేది. కన్నాంబ తర్వాత ఇంకొకరు నాగమ్మ కావడమే ఆవిడ దృష్టిలో మహాపరాధం.

మరి ఆవిడ మనవడికి చెప్పే కథలో ఏం చేసేదో తెలుసా? బాలచంద్రుడు బొంగరాలాడేవాడు, యుద్ధానికి వెళ్ళేవాడు, మహావీరుడని పేరు తెచ్చుకునేవాడు. చనిపోయేవాడు కాదు! "ఆ పైన ఏమైందే నానమ్మా?" అని వీడడిగితే "ఇంకా కారంపూడిలోనే ఉన్నాడ్రా" అనేది. కథ మార్చకూడదని సినిమా వాళ్ళని శాసించిన మనిషే, పసివాడు నిద్రలో ఉలిక్కిపడతాడని కథ కొసని కొంగులో దాచేసింది. 2003లో ఆవిడ వెళ్ళిపోయింది. ఆ తరవాత ఎప్పుడో వీడు అసలు కథ తెలుసుకుని, నా దగ్గరకొచ్చి కోప్పడలేదు. "నానమ్మ భలే చెప్పింది కదమ్మా" అన్నాడంతే.

ఇక 2020కి వస్తాను. ఉగాదికని అబ్బాయీ కోడలూ పిల్లాడూ హైదరాబాదు నుంచి నాలుగు రోజులు ముందుగా వచ్చారు. మార్చి 25న ఇటు ఉగాది, అటు దేశమంతా లాక్‌డౌన్. పొందుగుల దగ్గర కృష్ణ మీద వంతెన దాటే వీల్లేదు. గుంటూరు మిర్చి యార్డు మూసేశారు. టిక్కీలు మా వరండాలోనే పేర్చుకున్నాం. ఆ ఘాటుకి తుమ్ముకుంటూ అందరం ఇంట్లో కూర్చున్నాం. ఏప్రిల్ నుంచి దూరదర్శన్‌లో శక్తిమాన్ మళ్ళీ వేస్తారన్నారు, మధ్యాహ్నం ఒంటిగంటకి. మా అబ్బాయి సంబరం చూడాలి! ఆరేళ్ళ కొడుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాడు కదిలితే ఊరుకోడు, నీళ్ళు తాగుతానంటే ఊరుకోడు.

మనవడు కాసేపు చూశాడు. "నాన్నా, ఆయనకి కళ్ళు తిరగవా?" అన్నాడు. ఇంకాసేపు చూసి "ఇది నిజం ఎగరడం కాదు, బొమ్మ అతికించారు" అన్నాడు. మూడోరోజు లేచి వెళ్ళి టిక్కీల మధ్య ఆడుకోసాగాడు. మా అబ్బాయి ముఖం చూడాలి. సొంత ఊరిని ఎవరో తీసిపారేసినట్టు చిన్నబుచ్చుకున్నాడు. "ఈ కాలం పిల్లలకి ఏదీ విలువ తెలీదు" అని విసుక్కున్నాడు. వాడికప్పుడు అచ్చం మా అత్తయ్య పోలికొచ్చింది.

అసలు ముప్పు ఆ వారంలోనే వచ్చింది. మా అబ్బాయికి ఉద్యోగం పుణ్యమా అని ఇప్పుడు హిందీ నాకంటే బాగా వచ్చు. చివరి మంచి మాటలు శ్రద్ధగా విని, నా వైపు తిరిగి, "అమ్మా, ఇన్ని రోజులుగా చూస్తున్నాను, కాకరకాయ ఊసే లేదే!" అన్నాడు. కోడలు నోటికి కొంగడ్డం పెట్టుకుంది. నేను ఒప్పేసుకున్నాను. అందరం పడీపడీ నవ్వాం.

ఆ రాత్రి నేను మంచినీళ్ళ బిందె మూత పెడుతుంటే వాడు వంటింట్లోకొచ్చాడు. నవ్వు లేదు ముఖంలో. "అమ్మా, గుంటూరు హాస్టల్లో ఉన్నప్పుడు లెక్కల్లో తప్పి రెండు నెలలు మీ దగ్గర దాచాను, గుర్తుందా? నాన్నకి ఫోన్ చేసి నిజం చెప్పడానికి నాకు ధైర్యమిచ్చింది ఒకే ఒక్క మాట. తప్పు ఒప్పుకున్నవాడి బలం తగ్గదు, పెరుగుతుంది అని శక్తిమాన్ అనేవాడు కదా. అది ఆయన అన్నదా, నువ్వన్నదా?"

నాకు గుర్తు లేదు. నిజంగా గుర్తు లేదండీ. ఆయన అని ఉండొచ్చు, నేను చేర్చి ఉండొచ్చు. సగం ఆయనదీ సగం నాదీ కూడా కావచ్చు. ఆ తరవాత వాడు వచ్చిన ఎపిసోడల్లా చెవులు రిక్కించుకుని విన్నాడు. దొరకలేదు. రాకపోకలు తెరిచారు, వాళ్ళు వెళ్ళిపోయారు.

అదీ నా చిక్కు. వాడు ఒక్క పోగు మార్చకూడదని పట్టుబట్టే ఆ అసలు శక్తిమాన్ ఎవరు? ముంబైలో తీసినవాడా, దాచేపల్లి వంటింటి గడపలోంచి మాట్లాడినవాడా? వాడు ప్రేమించిన శక్తిమాన్‌ని వాడికి తిరిగి తెచ్చివ్వడం ఏ సినిమా కంపెనీ తరమూ కాదు. అందులో వాడి నానమ్మ పడక్కుర్చీ ఉంది, యాంటెన్నా దగ్గర నిలబడ్డ స్నేహితుడున్నాడు, నేను వేసిన పోపు వాసన ఉంది.

అలాగని ఎవరేం మార్చినా తప్పు లేదని నేననను. నేను చేర్చిన మాటల్నే తీసుకోండి. కాకరకాయ మాట వాడి ఆరోగ్యం కోసమని ఇన్నాళ్ళూ నన్ను నేనే నమ్మించుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ ఏడు పెరట్లో పందిరి విరగ్గాసింది. పారెయ్యడానికి నాకు చేతులు రాలేదు. అది నా సౌకర్యం. మా అత్తయ్య బాలచంద్రుణ్ణి బతికించింది మాత్రం వాడి నిద్ర కోసం. రెండూ మార్పులే. వినేవాడి కోసం మార్చడం వేరు, వాడి చేత మన పని చేయించుకోడానికి మార్చడం వేరు. బయటినుంచి చూస్తే తేడా కనిపించదు. మార్చినవాళ్ళ మనసుకి మాత్రం తెలుస్తుంది.

ఇలాంటి చిక్కు బయటి దేశాల్లోనూ ఉన్నదే. ఇంగ్లండు వాళ్ళ డాక్టర్ హూ 1963లో మొదలైంది. నటుడు మారవలసి వస్తే 1966లో వాళ్ళు కథలోనే ఏర్పాటు చేసుకున్నారు: మనిషి అతనే, రూపం మారుతుంది! దశావతారాలు తెలిసిన మనకి అదేం వింత కాదు. 1989లో ఆగిపోయి, 1996లో ఒక్క టీవీ సినిమాగా తొంగిచూసి, 2005లో మళ్ళీ సీరియల్‌గా నిలబడింది. అమెరికా వాళ్ళ స్టార్ ట్రెక్ 1966 నుంచి 1969 దాకా మూడేళ్ళే నడిచింది. పదేళ్ళ తరవాత, 1979లో, పాత నటులతోనే సినిమా అయింది. 2009లో అవే పాత్రలకి కుర్రవాళ్ళని పెట్టి కొత్త సినిమా తీశారు. అందులో పాత స్పాక్‌గా వేసిన లెనార్డ్ నిమోయ్, ముసలి స్పాక్‌గానే వచ్చి కొత్త స్పాక్‌తో మాట్లాడతాడు. నాకది చూస్తే అత్తగారు కోడలికి తాళంచెవుల గుత్తి ఇచ్చే రోజు గుర్తొచ్చింది. ఇచ్చేశాక బీరువా ఎలా సర్దావని వెనకాలే తిరగకూడదు. తీసుకున్నావిడ కూడా మొదటిరోజే పాత సామానంతా అటక మీద పడెయ్యకూడదు.

మన శక్తిమాన్ తాళంచెవులు మాత్రం ఇంకా చేతులు మారలేదు. ఆ బట్టలు ఎవరికి తగవో ముఖేష్ ఖన్నా గారు బాహాటంగానే చెబుతూ వచ్చారు. ఆయన పట్టుదల కొందరికి నవ్వులాట కావచ్చు. ఆ వేషాన్ని పిల్లలు ఎంతగా నమ్మారో, ఆ నమ్మకం ఎంత ప్రమాదమో కళ్ళారా చూసిన మనిషి ఆయన. నాకు నవ్వు రాదు. ఇది రాసేనాటికి ఆ సినిమా రాలేదు.

అందుచేత నా తీర్పు ఇది. ఒరే అబ్బాయీ, నీ శక్తిమాన్‌ని ఎవరూ ఎత్తుకుపోలేరు. వాణ్ణి నీ కొడుక్కి కానుకగా చూపించు, బాకీ వసూలు చేసినట్టు చూపించకు. నీకు కలిగిన ఆనందమే వాడికీ కలిగి తీరాలని పట్టుబడితే, అది వాడి మీద ప్రేమ కాదు, నీ చిన్నతనం మీద బెంగ. ఒరే మనవడా, బొమ్మ అతికించారని నవ్వుకో, ఫరవాలేదు. మీ నాన్న ఎదుట మాత్రం కాస్త చిన్నగా నవ్వు. ఆ సినిమా తీసేవాళ్ళకి నా మాట చేరదనుకోండి. చేరితే ఒక్కటే అడుగుతాను: మీరు మార్చేది ఇవాళ్టి పిల్లవాడి కోసమా, మా అబ్బాయి వయసు వాళ్ళ జేబులో టికెట్ డబ్బుల కోసమా?

సినిమా వస్తే ముగ్గురం వెళతాం. వాళ్ళిద్దరికీ మధ్య కుర్చీ నాది. తెలుగులో కూడా వస్తుందేమో, ఇక దుబాసీ అవసరం ఉండదు. మాట చేర్చకుండా రెండున్నర గంటలు కూర్చోవడం నావల్ల అవుతుందా అని మావారికి సందేహం. నేను ఇప్పటినుంచే సాధన చేస్తున్నాను.