మా తర్వాత వీడి గతి ఏమిటి?

కురిచేడులో ఒక జుమా నమాజు తర్వాత ఒక తల్లి తన భర్త ద్వారా మాకు ఈ ప్రశ్న పంపారు. వారి అబ్బాయికి 19 ఏళ్ళు. చిన్ననాటి నుంచి ఆటిజం ఉంది. మాట తక్కువ. పెద్ద శబ్దం భరించలేడు. రోజూ చేసే పనుల వరస తప్పితే కలవరపడిపోతాడు. స్నానానికి నీళ్ళు తోడేది, అన్నం కలిపి పెట్టేది, చొక్కా గుండీలు పెట్టేది ఇప్పటికీ ఆ తల్లే. “హజ్రత్! మేము కన్నుమూస్తే వీడి గతి ఏమిటి?”

ముందుగా మా తప్పు ఒప్పుకుంటాము. కొన్నేళ్ళ క్రితం ఇలాంటి పిల్లవాడినే తీసుకొస్తే, ఏదో గాలి సోకి ఉంటుందని చెప్పి, దుఆ చదివి ఊది పంపించాము. దుఆ చేయటం తప్పు కాదు. తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పటం తప్పు. ఆటిజం జిన్ను పట్టడం కాదు, తల్లి పెంపకంలో లోపమూ కాదు. మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా. పెళ్ళి చేస్తే కుదురుకుంటాడనే మాట కూడా మన ఇళ్ళల్లో వినబడుతూ ఉంటుంది. విషయం దాచి నికాహ్ చేయటమంటే పరాయి ఇంటి ఆడపిల్లను మోసగించటమే.

ఇక ప్రశ్నకు వద్దాం. మదీనాలో హజ్రత్ హిబ్బాన్ బిన్ ముంఖిజ్ (రజి) అనే అన్సారీ సహాబీ ఉండేవారు. (కొన్ని ఉల్లేఖనాల్లో ఆయన తండ్రి పేరు వస్తుంది.) తలకు తగిలిన గాయం వల్ల ఆయన మాట తడబడేది, తెలివి మందగించింది. బేరాల్లో తరచుగా మోసపోయేవారు. ఈయన లావాదేవీలు జరపకుండా ఆపండని ఇంటివారు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం)తో మొరపెట్టుకున్నారు. ఆయన (స) పిలిచి వద్దన్నారు కూడా. కాని వ్యాపారం మానుకుని ఉండలేనని హిబ్బాన్ (రజి) విన్నవించుకున్నారు. అప్పుడు దైవప్రవక్త (స) ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టలేదు. ప్రతి బేరంలోనూ ఇందులో మోసం ఉండకూడదని ఎదుటివారికి చెప్పమని ఒక చిన్న మాట నేర్పారు. కొన్నదాన్ని తిరిగి ఇచ్చేయటానికి మూడు రోజుల గడువు ఇచ్చారు. బేరంలో మూడు రోజుల షరతుకు మన హనఫీ ఫఖీహులు ఆధారం చూపేది ఈ సంఘటననే.

హిబ్బాన్ (రజి)కి ఆటిజం ఉందని మేము అనటం లేదు. ఇక్కడ చూడవలసింది దైవప్రవక్త (స) పద్ధతి. ఇంటివారు రక్షణ కోరారు, ఆయన మనుగడ కోరారు. రెండూ దక్కాయి.

ఖుర్ఆన్‌లో నిసా సూరా 6వ ఆయత్ అనాథల గురించి చెబుతూ, పెళ్ళీడు వచ్చేవరకూ వారిని పరీక్షిస్తూ ఉండమని, వారిలో వివేకం కనబడితే ఆస్తి అప్పగించమని ఆదేశించింది. ఈ పరీక్ష పెళ్ళీడు రాకముందే మొదలవ్వాలి. పిల్లవాడి చేతికి కొంచెం డబ్బిచ్చి, కొనటం అమ్మటం చేయించి చూడాలని మన ఫఖీహులు వివరించారు. అంటే ఒక్కరోజులో అప్పగించేది కాదు, కొద్దికొద్దిగా అలవాటు చేసేది.

ఆ తండ్రికి మేము చెప్పింది ఇదే. ఒకే దుకాణం, ఒకే వేళ, 20 రూపాయల నోటు, ఒకే వస్తువు. మొదటి నెల మీరు పక్కన నడవండి. తర్వాత వీధి మలుపులో నిలబడండి. దుకాణదారుకు ముందే చెప్పి ఉంచండి. నోట మాట రాకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి. అదే అతనికి హిబ్బాన్ (రజి) నేర్చుకున్న మాట వంటిది. వుజూ చూడండి! చేతులు, నోరు, ముక్కు, ముఖం... రోజూ అదే వరస. వరస తప్పితే కలవరపడే పిల్లవాడికి ఇంతకన్నా అనువైన పాఠం ఏముంది? కుళాయి పక్కన బొమ్మలు గీసి అంటించండి. స్నానం, వంట, బట్టలు మడవటం కూడా అలాగే ముక్కలు చేసి నేర్పవచ్చు. నెలలు పడుతుంది. తొందరపడి మీరే చేసేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

ఇక వారసత్వం. “వాడికి అన్నం పెడుతున్నది మేమేగా” అని అన్నదమ్ములు అతని వాటా కలిపేసుకోవటం మేము చూశాము. ఇది హరామ్. అతని వాటా పూర్తిగా అతనిదే. నిసా 5వ ఆయత్ అటువంటివారికి ఆ సొమ్ము “లోంచి” కాక, ఆ సొమ్ము “లో” తిండీ బట్టా ఇమ్మన్నదని వ్యాఖ్యాతలు గమనించారు. అసలు కరిగించకుండా, దానిపై వచ్చే లాభంతో పోషించాలని భావం. వారితో మంచిగా మాట్లాడమని కూడా ఆ ఆయత్‌లోనే ఉంది.

దేశ చట్టం కూడా తోడుగా ఉంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం ఉన్నవారికి వర్తిస్తుంది. 18 ఏళ్ళు దాటాక సంరక్షకుడు అవసరమైతే జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. అసలు సంరక్షకుడు కావాలా, ఏ పనుల వరకు కావాలా అన్నది కమిటీ చూడాలి. నియమితుడైనవాడు ఆరు నెలల్లోగా ఆస్తి వివరాలు సమర్పించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోనూ ఆటిజం పేరు ఉంది. తల్లిదండ్రులు బతికి ఉండగానే ఈ కాగితాలు చేయించుకోండి. శిక్షణ విషయం అడగటానికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉంది.

మస్జిద్ కమిటీలకు ఒక మాట. మైకు శబ్దం కాస్త తగ్గించండి. చేతులు ఊపుతున్నాడని వెనక్కి పంపకండి. ఆ అబ్బాయికి మేము జుమా ముందు చాపలు పరిచే పని ఇచ్చాము. మొదటి వారం రెండు చాపలు పరిచి వెళ్ళిపోయాడు. ఇప్పుడు పదకొండు గంటలకే వచ్చి, గోడ వైపు నుంచి మొదలుపెట్టి అన్నీ పరుస్తున్నాడు. ఎవరైనా మధ్యలో ఒకటి పరిస్తే తీసేసి మళ్ళీ తనే పరుస్తాడు. మేము అడ్డు చెప్పటం లేదు.